రైలు ఆగితే ఆగింది, కట్టనైనా మిగలనివ్వండి

బ్రిటన్ రవాణా శాఖ మంత్రి గారికి,

డెవన్ కౌంటీలో డార్ట్‌మూర్ గుట్టలకు ఉత్తరపు అంచున ఓక్‌హాంప్టన్ అనే చిన్న ఊరుంది. జనం పదివేల లోపే. స్టేషన్ ఊరి మధ్యలో లేదు, దక్షిణాన గుట్ట మీదుంది. బజారు నుంచి నడిచి వెళ్లేవాళ్లు ఆయాసపడుతూ ఎక్కాల్సిందే. ఆ స్టేషన్లో 1972 జూన్‌లో ఆగిపోయిన రోజువారీ ప్రయాణికుల రైళ్లు 2021 నవంబర్ 20న మళ్లీ మొదలయ్యాయి. ఈ నలభై తొమ్మిదేళ్ల ఎడబాటు ముగియడాన్ని మీ శాఖ ఒక విజయంగా చెప్పుకుంది. చెప్పుకోవలసిందే. అయితే ఆ చెప్పుకోవడంలో అసలు కారణం మరుగున పడింది. ఏ ప్రభుత్వమో ముందుచూపుతో దారిని కాపాడి పెట్టినందువల్ల ఓక్‌హాంప్టన్‌కు రైలు తిరిగి రాలేదు. ఆ దారి కొసన ఒక కంకర క్వారీ ఉన్నందువల్ల వచ్చింది. రైళ్లు నడపడం మానుకోవడం ఒక నిర్ణయం, రైలు నడిచిన కట్టను తుడిచిపెట్టడం వేరొక నిర్ణయం. మొదటిదాన్ని తర్వాతి ప్రభుత్వం తిరగరాయగలదు. రెండోదాన్ని తిరగరాయాలంటే ఒక తరం పడుతుంది, ఒక్కోసారి ఆ అవకాశమూ ఉండదు. ఈ రెండు నిర్ణయాలనూ చట్టంలోనే విడదీయమని అడగడానికే ఈ లేఖ.

ముందుగా ఆ స్టేషన్ ఒకప్పుడు ఏమిటో గుర్తుచేసుకోవాలి. ఇప్పుడు అక్కడ దిగేవారికి అదొక కొసాకరి స్టేషన్‌గా కనిపిస్తుంది, పుట్టింది మాత్రం అలా కాదు. 1871 అక్టోబర్ 3న ఓక్‌హాంప్టన్‌కు రైలు వచ్చింది. మూడేళ్లు తిరిగేసరికి మెల్డన్ లోయ మీద ఎత్తైన ఇనుప వంతెన కట్టి, లైనును లిడ్‌ఫర్డ్ దాకా తీసుకెళ్లారు. 1890లో టావిస్టాక్ మీదుగా ప్లిమత్‌కు సొంత దారి పూర్తయ్యాక, లండన్ వాటర్లూ స్టేషన్ నుంచి ప్లిమత్ రేవు దాకా నడిచే మెయిన్ లైనులో ఓక్‌హాంప్టన్ ఒక ముఖ్యమైన మజిలీ అయింది. ఓడల్లో దిగిన ప్రయాణికులను లండన్ చేర్చే రైళ్లు ఇటుగానే పరుగులు తీశాయి. డార్ట్‌మూర్‌లో ఫిరంగి దళాల శిక్షణ శిబిరం ఉండడంతో సైనికులు, గుర్రాలు, తుపాకులు ఇక్కడే దిగేవి. బ్యూడ్, పాడ్‌స్టో వంటి సముద్రతీరపు ఊళ్లకు వేసవి యాత్రికులను మోసిన అట్లాంటిక్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ బోగీలు దశాబ్దాలపాటు ఇక్కడ ఆగి వెళ్లాయి. 1960 నుంచి 1964 దాకా లండన్ శివార్లలోని సర్బిటన్ నుంచి కార్లను ఎక్కించుకొచ్చే ప్రత్యేక రైలుకు గమ్యం కూడా ఇదే. అప్పటికి మీ దేశంలో కారు యుగం మొదలైంది. కారున్నవాడు కూడా డెవన్ దాకా రైల్లోనే వచ్చి, గుట్ట మీద దిగి, అక్కడి నుంచి తన కారు తాను నడుపుకుంటూ పోయేవాడన్నమాట.

అలాంటి స్టేషన్ పదేళ్లలో ఎలా ఎండిపోయింది? జనం రావడం మానేశారు కాబట్టి రైళ్లు తీసేశారని చెప్పే కథ చాలామందికి నచ్చుతుంది, అందులో కొంత నిజమూ ఉంది. కానీ వరస చూడండి. 1963 ఆరంభంలో సాల్స్‌బరీకి పశ్చిమాన ఉన్న ఈ లైన్లను దక్షిణ రైల్వే విభాగం చేతిలోంచి తీసి పశ్చిమ విభాగానికి అప్పగించారు. అది ఈ లైనుకు డెబ్బై ఏళ్ల ప్రత్యర్థి. ప్లిమత్‌కు దానికి సముద్రం పక్కనుంచి సొంత దారి ఉంది. అదే సంవత్సరం మార్చిలో రైల్వే బోర్డు ఛైర్మన్ డాక్టర్ బీచింగ్ నివేదిక వచ్చింది. 2,363 స్టేషన్లు, దాదాపు 5,000 మైళ్ల లైన్లు మూసేయమన్న ఆ నివేదికకు ఆధారమైన ప్రయాణికుల లెక్క 1961 ఏప్రిల్‌లో ఒకే ఒక్క వారంలో తీసింది. జూలై, ఆగస్టుల్లో కిటకిటలాడే విహార ప్రాంతపు లైనును ఏప్రిల్‌లో లెక్కపెడితే ఏ అంకె వస్తుందో ఊహించడానికి గణాంకశాస్త్రం అక్కర్లేదు. 1964లో అట్లాంటిక్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఆగిపోయింది. 1966లో బ్యూడ్, పాడ్‌స్టో వైపు లైన్లు పోయాయి. 1968 మే 6న ఓక్‌హాంప్టన్‌కు పశ్చిమాన, ప్లిమత్ దారిలోని బీర్ ఆల్‌స్టన్ దాకా ఉన్న మెయిన్ లైనే పోయింది. ముందుకు దారి లేక, దూరపు రైలు లేక, కొసాకరి కొమ్మగా మిగిలిన స్టేషన్‌కు 1972 నాటికి ప్రయాణికులు తగ్గారంటే అందులో వింతేముంది? కొమ్మలు ఒక్కొక్కటీ నరుకుతూ వచ్చి, చెట్టు కాయడం లేదని మొదలు కొట్టేసిన తీరు ఇది. వేళలు కత్తిరించి, సర్వీసులు తగ్గించి, ఆ తర్వాత తీసే తలల లెక్క ఆ లైనుకున్న గిరాకీని చెప్పదు. దాన్ని ఎంత కుదించారో చెబుతుంది, అంతే.

ఇక్కడే అదృష్టం అడుగుపెట్టింది. ఓక్‌హాంప్టన్‌కు కాస్త పశ్చిమాన మెల్డన్‌లో రైల్వేవాళ్ల సొంత క్వారీ ఉండేది. పట్టాల కింద పరిచే కంకర అక్కడినుంచి దక్షిణ ఇంగ్లండ్‌లోని ఎన్నో లైన్లకు వెళ్లేది. ప్రయాణికుల కోసం కాకపోయినా ఆ రాళ్ల కోసం పట్టాలు ఉంచక తప్పలేదు. మనుషుల అవసరం కాపాడలేని లైనును కంకర కాపాడింది. క్వారీ ప్రైవేటు చేతుల్లోకి పోయినప్పుడు పట్టాలూ దాంతోపాటే చేతులు మారాయి గానీ, ఉన్నచోటే ఉన్నాయి. 1997లో డెవన్ కౌంటీ కౌన్సిల్ స్టేషన్‌ను బాగు చేయించి, 1950ల నాటి ఆకుపచ్చ రంగులు వేయించి, వేసవి ఆదివారాల్లో ఎక్సెటర్ నగరం నుంచి రైళ్లు నడిపించింది. ఏడాదికి కొన్ని ఆదివారాలు మాత్రమే నడిచే రైలుతో ఎవరికి ఉపయోగమని అప్పట్లో ఎవరైనా అడిగి ఉంటే జవాబు చెప్పడం కష్టమే. కానీ ఆ ఆదివారపు రైళ్ల వల్లే ప్లాట్‌ఫారాలు ముళ్లపొదల పాలు కాలేదు, పైకప్పు కూలలేదు, ఇది స్టేషన్ అన్న స్పృహ ఊరివాళ్లలో పోలేదు. రోజూ రైలు కావాలని పోరాడిన ఓక్‌రైల్ వంటి స్థానిక సంఘాలకు చేతికి ఆనే సాక్ష్యం కూడా ఆ రైలే.

ఇక లెక్కలకు వద్దాం, ఎందుకంటే మీ ఆర్థిక శాఖ అడిగేది అవే. రోజువారీ రైళ్లను తిరిగి తేవడానికి కేటాయించింది 4.05 కోట్ల పౌండ్లు. పట్టాల నిర్వహణ సంస్థ నెట్‌వర్క్ రైల్ లైను కొని, 11 మైళ్ల కొత్త పట్టాలు, 24,000 కాంక్రీటు స్లీపర్లు, 29,000 టన్నుల కంకర వేసి, అనుకున్న గడువుకు రెండేళ్లు ముందే, సుమారు కోటి పౌండ్లు మిగిల్చి పని ముగించింది. రైల్వే పనుల్లో గడువుకు ముందు, బడ్జెట్‌కు లోపల అన్న రెండు మాటలూ ఒకే వాక్యంలో పడడం ఎంత అరుదో మీకు నేను చెప్పక్కర్లేదు. మొదట్లో రెండు గంటలకొకటి నడిచిన రైలును 2022 మేలో గంటకొకటి చేశారు. తొలి ఏడాదిలోనే రెండున్నర లక్షలకు పైగా ప్రయాణాలు జరిగాయి. క్రెడిటన్‌లో ఆగి, సుమారు నలభై నిమిషాల్లో ఎక్సెటర్ చేరుస్తుంది. అక్కడ లండన్, బ్రిస్టల్ రైళ్లు అందుతాయి. ఈ దారిలో ఓ చిన్న విశేషం, క్రెడిటన్ దాటగానే కిటికీలోంచి చూస్తే పక్కన మరో జత పట్టాలు కూడా సాగుతుంటాయి. ఎవరైనా డబుల్ లైన్ అనే అనుకుంటారు. కాదు, ఒకటి బార్న్‌స్టేపుల్‌ది, ఒకటి ఓక్‌హాంప్టన్‌ది, రెండూ వేర్వేరు సింగిల్ లైన్లు. కొన్ని మైళ్లు పక్కపక్కనే నడిచి, కోల్‌ఫర్డ్ దగ్గర దేని దారి అది చూసుకుంటాయి. ఒకటి మూతపడ్డ కాలంలోనూ దాని పట్టాలు అక్కడే ఉన్నాయి కాబట్టే, తెరిచే రోజున ఎవరి పొలమూ కొనాల్సిన పని పడలేదు.

దీనికి పక్కన స్కాట్లాండ్‌లోని బోర్డర్స్ లైనును పెట్టి చూడండి. అది 1969 జనవరిలో మూతపడింది. పట్టాలు పీకేశారు, కట్ట మీద ఇళ్లు లేచాయి, రోడ్లు పడ్డాయి. అందులో సుమారు 30 మైళ్లు 2015 సెప్టెంబర్‌లో తిరిగి తెరవడానికి 2012 ధరల్లో 29.4 కోట్ల పౌండ్లు అయ్యాయి. అంటే మైలుకు దాదాపు కోటి. ఓక్‌హాంప్టన్ పదిహేను మైళ్లకు మైలుకు 27 లక్షలు కేటాయిస్తే అందులోనూ మిగిలింది. అక్కడ కొత్త స్టేషన్లు, కొత్త వంతెనలు కట్టారు కాబట్టి ఈ రెండూ సరితూగవని మీ అధికారులు అంటారు. నిజమే, కానీ నేననేదీ అదే. పాతవాటిని పడగొట్టి స్థలం అమ్మేశారు కనుక కొత్తవి కట్టాల్సి వచ్చింది. పైగా హాయిక్ పట్టణానికి ఈనాటికీ రైలు లేదు. తిరిగి తెరిచిన లైను అంతదూరం పోలేకపోయింది.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. నార్తంబర్లండ్ లైను సంగతేమిటని అడగొచ్చు. అక్కడా బొగ్గు రవాణా పుణ్యమా అని పట్టాలు ఎప్పుడూ పోలేదు. అయినా న్యూకాజిల్ నుంచి ఆషింగ్టన్‌కు 18 మైళ్ల దారిలో 2024 డిసెంబర్‌లో ప్రయాణికుల రైళ్లు మొదలయ్యేసరికి ఖర్చు 30 కోట్ల పౌండ్లకు చేరువైంది. మరి పట్టాలు ఉంచితే చవకగా తెరవచ్చన్న మాట ఏమైంది? ఆ ఖర్చు ఎక్కడ పడిందో చూస్తే జవాబు దొరుకుతుంది. 1964లో ప్రయాణికుల రైళ్లు ఆపాక పాత స్టేషన్లను వదిలేయడంతో ఆరు స్టేషన్లను కొత్తగా కట్టాల్సి వచ్చింది. నేటి భద్రతా ప్రమాణాల ప్రకారం గేట్లు, సిగ్నళ్లు మార్చాల్సి వచ్చింది. కాబట్టి పట్టాలు ఒక్కటే ఉంటే చాలదు, నిజమే. ఓక్‌హాంప్టన్‌లో పట్టాలూ నిలిచాయి, స్టేషనూ నిలిచింది. రెండూ నిలిచిన చోట ఖర్చు తక్కువ, ఒకటే నిలిచిన చోట ఎక్కువ, ఏదీ నిలవని చోట చాలా ఎక్కువ. నార్తంబర్లండ్ నా వాదనను కొంత సవరిస్తుందే తప్ప కొట్టిపారేయదు. పట్టాలు లేకపోయి ఉంటే ఆ లైను గురించి ఆలోచించే సాహసమైనా ఎవరూ చేసి ఉండేవారు కాదు.

ఇప్పుడు ఓక్‌హాంప్టన్‌కు పశ్చిమాన ఏముందో చూద్దాం. పైన చెప్పిన మెల్డన్ వంతెన ఇప్పటికీ లోయ మీద నిలబడి ఉంది. దగ్గరకెళితే అది నిజానికి ఒకటి కాదు, రెండని తెలుస్తుంది. 1874లో ఒక్క లైనుకు సరిపడా కట్టినదాని పక్కనే 1879లో రెండోది లేపి, ఇనుప కడ్డీలతో రెండింటినీ కలిపి బిగించారు. సన్నని కాళ్ల మీద సుమారు 150 అడుగుల ఎత్తున నిలిచిన ఆ ఇనుప అల్లికను ఇప్పుడు రక్షిత కట్టడంగా గుర్తించారు. దాని మీద సైకిళ్లు తిరుగుతాయి. గ్రానైట్ వే పేరుతో ఓక్‌హాంప్టన్ నుంచి లిడ్‌ఫర్డ్ దాకా 11 మైళ్ల సైకిల్ బాట వేసింది ఆ పాత రైలుకట్ట పక్కగా, చాలాచోట్ల దాని మీదే. ఆ వంతెన ఇప్పుడున్నట్టుగా రైలు బరువును మోయలేదు. భారీగా బలపరచాలి, లేదా పక్కన మరొకటి కట్టాలి. అయినా దారి అయితే ఉంది. సైకిల్ బాటగా మారిన కట్టను ఎవరో వాడుకుంటూ ఉంటారు, ఎవరో చూసుకుంటూ ఉంటారు, అమ్మకానికి పోదు. రైలు రాని రోజుల్లో కట్టను దాచిపెట్టడానికి ఇంతకన్నా చవకైన ఉపాయం నాకు తోచడం లేదు. మరి టావిస్టాక్ దగ్గరకు వచ్చేసరికి ఏమైంది? అక్కడ పాత ఉత్తర స్టేషన్‌కు సమీపంలో రైలుకట్ట మీద కౌన్సిల్ కార్యాలయాలే లేచాయి. పదిమైళ్ల దారి పదిలంగా ఉన్నా మధ్యలో ఒక భవనం చాలు, అంచనా ఖర్చు ఎక్కడికో పోవడానికి.

ఈ దారి అవసరమేమిటో 2014 ఫిబ్రవరిలో సముద్రమే చెప్పింది. ప్లిమత్‌కు సముద్రం పక్కనుంచి పోయే ఆ రెండో లైను మీద, డాలిష్ దగ్గర తుపాను అలలకు సముద్రపు గోడ కూలి, పట్టాలు గాలిలో వేలాడాయి. ఏప్రిల్ 4న మరమ్మతు పూర్తయ్యేదాకా రెండు నెలలపాటు ప్లిమత్‌కు, కార్న్‌వాల్ మొత్తానికి రైలు సంబంధం తెగిపోయింది. ఒకే ఊరికి రెండు దారులెందుకు అన్న 1960ల తర్కానికి ఆ అలలే జవాబిచ్చాయి. ఒక దారి తెగినప్పుడు రెండోది ఉండాలి. ఆ ఏడాదే నెట్‌వర్క్ రైల్ ప్రత్యామ్నాయాలు పరిశీలించి, ఓక్‌హాంప్టన్ మీదుగా పాత మెయిన్ లైనును పునరుద్ధరించడానికి 87.5 కోట్ల పౌండ్లు అవుతాయని, అంత ఖర్చుకు తగ్గ ప్రయోజనం రాదని తేల్చింది. డాలిష్‌లో కొత్త గోడ కట్టడం వైపే ప్రభుత్వం మొగ్గింది. ఆ నిర్ణయాన్ని తిరగతోడమని నేను అడగడం లేదు. ఇప్పటి లెక్కల్లో అది సబబే కావచ్చు. కానీ ఆ 87.5 కోట్లలో 1968లో సరంజామా పీకేసిన పాపం పాలెంత, అప్పుడు మిగుల్చుకున్న సొమ్మెంత అని కూడా ఒకసారి బేరీజు వేయించండి. సముద్రమట్టం పెరిగే కొద్దీ డాలిష్ గోడకు చేసే ఖర్చూ పెరుగుతుంది. ముప్పై ఏళ్ల తర్వాత ఇదే లెక్క వేసే మంత్రికి కనీసం దారి అయినా మిగిలి ఉండాలి కదా.

బస్సు వేస్తే సరిపోదా అనేవారున్నారు. ఓక్‌హాంప్టన్‌కు ఆ నలభై తొమ్మిదేళ్లూ బస్సులు ఉన్నాయి, పక్కనే ఏ30 హైవే కూడా ఉంది. అయినా రైలు రాగానే తొలి ఏడాదే లక్షల ప్రయాణాలు జరిగాయంటే, బస్సు తీర్చలేని అవసరం ఒకటి అక్కడ ఉందనే అర్థం. కాలేజీకి పోయే పిల్లలకు, ఎక్సెటర్‌లో ఉద్యోగాలు చేసేవాళ్లకు, ఆసుపత్రికి వెళ్లే ముసలివాళ్లకు రోజూ ఒకే వేళకు చేరుతామన్న భరోసా ముఖ్యం. బస్సును నేను కాదనడం లేదు. రైలు దిగినవాళ్లను టావిస్టాక్ చేర్చే 118 నంబరు బస్సు ఆ భరోసాను ఇంకొన్ని మైళ్లు పొడిగిస్తోంది. బస్సుకూ రైలుకూ పోటీ పెట్టడం కన్నా ఇలా ముడిపెట్టడమే మేలు. స్టేషన్ గుట్ట మీద ఉందన్న ఇబ్బంది తీర్చడానికి ఊరికి తూర్పున ఏ30 పక్కనే, కారు వదిలి రైలెక్కేలా రెండో స్టేషన్‌కు నిధులివ్వడం కూడా అలాంటి మంచి పనే.

మూసిన ప్రతి లైనూ బతికించదగ్గది కాదన్న మాట కూడా ఒప్పుకోవాలి. పోటీ కంపెనీలు ఒకరి మీద ఒకరు పంతంతో వేసుకున్న లైన్లు మీ దేశంలో బోలెడు. వాటిలో చాలావాటికి తొలి రోజు నుంచే జనం లేరు. అన్ని కట్టలనూ కలకాలం కాపలా కాయమంటే అది ఇళ్ల స్థలాలకు, రైతులకు అన్యాయం. అందుకే అడిగేది అన్నింటికీ కాదు. పట్టణాలను కలిపేవి, మెయిన్ లైనుకు మారుదారి కాగలవి ఎంచి, వాటికి మాత్రం రక్షణ ఇవ్వండి.

తెలుగువాళ్లకు ఇందులో ఏం పని అని మీకు అనిపించవచ్చు. మావాళ్లు మీ విశ్వవిద్యాలయాల్లో, ఆసుపత్రుల్లో వేలల్లో ఉన్నారు, మీ రైళ్లలోనే తిరుగుతున్నారు. అదలా ఉంచితే, పీకిన పట్టాల ఖరీదు మాకు తెలియడానికి ఇంకో కారణముంది. కాకినాడ నుంచి గోదావరి ఒడ్డున ఉన్న కోటిపల్లికి 1928లో వేసిన లైనును 1940లో మీ సామ్రాజ్యపు యుద్ధ అవసరాల కోసం పీకేశారు. యుద్ధం ఐదేళ్లలో ముగిసింది. లైను తిరిగి రావడానికి 2004 దాకా పట్టింది. అక్కడి నుంచి గోదావరి దాటించి కోనసీమ మీదుగా నర్సాపురం చేర్చాలన్న పని తరాలుగా నానుతూనే ఉంది. కోనసీమలో పంతం ఉంది, గిరాకీ ఉంది, అడిగే నాయకులు ఉన్నారు. ఉండాల్సిన పట్టాలే లేకపోయాయి.

మీ ప్రభుత్వం వచ్చిన కొత్తలో, 2024 జూలైలో, పాత లైన్ల పునరుద్ధరణ కోసం 2020లో మొదలైన 50 కోట్ల పౌండ్ల పథకాన్ని ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ రద్దు చేశారు. ఓక్‌హాంప్టన్ ఆ పథకపు తొలి ఫలం. బీర్ ఆల్‌స్టన్ నుంచి టావిస్టాక్‌కు లైను తేవాలన్న ఆలోచన కూడా దాని నిధులతోనే కాస్త ముందుకు నడిచింది. డబ్బు లేదంటే అర్థం చేసుకోగలం. కానీ కట్టడానికి డబ్బు లేని కాలంలోనే, ఉన్నదాన్ని చెడగొట్టకుండా చూసుకోవడం మరింత అవసరం. ఇందుకు విరుద్ధంగా జరిగిన ఉదాహరణ మీ శాఖ పరిధిలోనే ఉంది. పాత రైల్వే వంతెనలు, సొరంగాలు సుమారు మూడు వేలు మీ తరఫున నేషనల్ హైవేస్ సంస్థ చూసుకుంటోంది. 2021లో ఆ సంస్థ కంబ్రియాలోని గ్రేట్ మస్‌గ్రేవ్ దగ్గర ఒక పాత రాతి వంతెన కమాను కింద రాళ్లు, కాంక్రీటు నింపి మూసేసింది. రెండు వైపులా ఉన్న వారసత్వ రైల్వేలు ఏనాటికైనా కలుసుకోవాలని ఆశపడుతున్న దారి అది. పని ముగిశాక అనుమతి అడిగితే స్థానిక కౌన్సిల్ నిరాకరించింది. 2023లో నింపినదంతా ప్రజల సొమ్ముతోనే తవ్వి తీయాల్సి వచ్చింది. నింపడానికి ఒక ఖర్చు, తీయడానికి మరో ఖర్చు, మొదట ఎలా ఉందో అలా మిగలడానికి.

కనుక ఈ మూడు పనులు చేయించండి. వాటిలో దేనికీ కొత్త పట్టా ఒక్కటి కూడా వేయక్కర్లేదు. ప్రభుత్వ చేతిలో ఇంకా మిగిలిన రైలుకట్టలు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఎక్కడ తెగాయో చూపే పటం తయారుచేసి ప్రజల ముందు పెట్టండి. వాటిలో ఎంపిక చేసిన దారుల మీద భవన నిర్మాణానికి గానీ, వంతెనలు పూడ్చడానికి గానీ ముందుగా మీ శాఖ అనుమతి తప్పనిసరి చేయండి. ఆ అనుమతి ఇచ్చేముందు, ఎప్పుడైనా ఆ దారిని తిరిగి తెరవాల్సి వస్తే అదనంగా పడే ఖర్చెంతో రాతపూర్వకంగా లెక్క చెప్పించండి. ఇక లైను మూసేయాలన్న ప్రతిపాదన ఏదైనా వస్తే, సర్వీసులు కుదించాక తీసిన ప్రయాణికుల లెక్కను ఆధారంగా ఒప్పుకోకండి. పూర్తి వేళలతో అన్ని రుతువులూ గడిచిన ఏడాది లెక్క అడగండి. పటం గీసేవాళ్లు మెల్డన్ నుంచి బీర్ ఆల్‌స్టన్ దాకా ఉన్న దారితో మొదలుపెడితే బాగుంటుంది. అక్కడ ఇంకా భవనాలు లేని పొలాలు చాలా ఉన్నాయి.

ఇట్లు,
ఒక తెలుగు రచయిత